నల్లతెర ఎవరి సొత్తు?

పోయిన నెల ఒక అమ్మాయికి ఉద్యోగం రాకుండా చేసిన ఇంటర్వ్యూ ఫారం కింద నా పేరు కూడా ఉంది. నేను అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి నుంచీ నాతో నేను పడుతున్న తగువే ఈ వ్యాసం.

మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఒక ఆఫీసు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళం ముగ్గురం. ఇద్దరు మగవాళ్ళు, నేను. వచ్చినమ్మాయి జిల్లా పరిషత్ బళ్ళో తెలుగు మీడియంలో చదువుకుని, చిన్న ఊళ్ళో ఇంజనీరింగ్ చేసింది. మూడేళ్ళ అనుభవం ఉంది. ఒక ప్రోగ్రాం ఇచ్చి, ఇందులో తప్పెక్కడుందో పట్టుకోమన్నాం. ఆ అమ్మాయి ఐడీఈ తెరిచింది. అనుమానం వచ్చిన చోట ప్రోగ్రాంని ఆపి, ఒక్కొక్క లైనే నడిపిస్తూ, విలువలు ఎక్కడ మారిపోతున్నాయో చూసి పది నిమిషాల్లో తప్పు పట్టేసింది. నాకు ముచ్చటేసింది. ఆమె బయటికెళ్ళగానే మా ముగ్గురిలో చిన్నవాడు, ముప్ఫై కూడా నిండని కుర్రాడు, పెదవి విరిచాడు. "టెర్మినల్ తెరవనే లేదు మేడమ్. ఐడీఈ లేకపోతే ఈ అమ్మాయి ఏం చెయ్యగలదు?" అన్నాడు. ఫారంలో "పనిముట్ల మీద అతిగా ఆధారపడుతుంది" అని రాశాడు. రెండో ఆయన తలూపాడు. నాకు ఇంకో మీటింగుకి టైమవుతోంది. సరేనన్నాను.

ఈ గొడవేమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ప్రోగ్రాం రాయడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఐడీఈ, అంటే ఇంటిగ్రేటెడ్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్. రాసుకోవడానికి, తప్పులు చూసుకోవడానికి, నడపడానికి కావలసిన సరంజామా అంతా ఒకే కిటికీలో అమర్చి ఉంటుంది. విజువల్ స్టూడియో, ఎక్లిప్స్, ఇంటెలిజె అలాంటివి. సగం మాట రాయగానే మిగతా సగం అదే అందిస్తుంది. తప్పు రాస్తే కింద ఎర్రగీత గీస్తుంది. రెండోది కమాండ్ లైన్. నల్లటి తెర, మిణుకుమనే ఒక గీత. అక్కడ మెనూలుండవు, బొమ్మలుండవు. ఏం చెయ్యాలో మీకు తెలిసుండాలి, ఆ మాట అక్షరం తప్పకుండా మీరే టైపు చెయ్యాలి. రెండూ పనిముట్లే. కానీ మా కారిడార్‌లో ఇవి పనిముట్లుగా మిగల్లేదు. నల్లతెర మీద పనిచేసేవాడు అసలు సిసలు ప్రోగ్రామర్. ఐడీఈలో పనిచేసేవాళ్ళు బటన్లు నొక్కేవాళ్ళు. ఆ బటన్లు నొక్కేవాళ్ళ లెక్కలో మేం ఆడవాళ్ళం ఎప్పుడూ ముందే ఉంటాం.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది. మాది మధిర దగ్గర పల్లె. మా ఇంట్లోకి మిక్సీ వచ్చిన కొత్తలో మా నాన్న, బాబాయిలు పీటల మీద కూర్చుని "ఎంతైనా రోట్లో రుబ్బిన పచ్చడి రుచే వేరు" అనేవాళ్ళు. అమ్మ ఏమీ అనేది కాదు. ఒకరోజు మాత్రం రోకలి తెచ్చి నాన్న ముందు పెట్టి, "ఆ రుచేదో మీ చేత్తో చూపించండి" అంది. ఆ తర్వాత మా ఇంట్లో రోటి పచ్చడి ప్రస్తావన తగ్గింది.

నిజమే, పోలిక పూర్తిగా కుదరదు. అక్కడ రుబ్బేది ఒకరు, పొగిడేది ఇంకొకరు. ఇక్కడ నల్లతెరని పొగిడేవాళ్ళు దాని మీద స్వయంగా పనిచేస్తారు, వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పనితనం ఎక్కడ అబ్బింది, ఎప్పుడు అబ్బింది, ఆ సమయంలో వాళ్ళ పక్కనుండాల్సిన అమ్మాయిలు ఎక్కడున్నారు అని మాత్రం అడుగుతాను.

నేను 2003లో ఎం.సి.ఎ. పూర్తిచేసి అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం చుట్టూ గోడలన్నీ జావా, డాట్‌నెట్, ఒరాకిల్ పోస్టర్లే. విచిత్రమేమిటంటే అక్కడ మాకు జావా నేర్పింది నల్లతెర మీదే. నోట్‌ప్యాడ్‌లోనో ఎడిట్‌ప్లస్‌లోనో రాసుకోవడం, కమాండ్ ప్రాంప్ట్‌లో జావాసీ అని కొట్టి కంపైల్ చెయ్యడం. క్లాస్‌పాత్ తప్పితే గంటలకి గంటలు తల పట్టుకోవడం. 2001 చివర్లోనే ఎక్లిప్స్ అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది గానీ మా ల్యాబులోని పాత మెషీన్లు దాన్ని మొయ్యలేవు. "ఇప్పుడే ఎక్లిప్స్ పట్టుకుంటే మీకు మూలం తెలీదు" అనేవారు సారు. ఆ మాటలో నిజముంది. నాకు ఈనాటికీ ప్రోగ్రాం ఎలా కంపైలవుతుందో, ఫైళ్ళు ఎక్కడ వెతుక్కుంటుందో తెలుసంటే ఆ నాలుగు నెలల చలవే.

మరి నాకూ నల్లతెర మీద నేర్పారు కదా, తేడా ఎక్కడొచ్చింది? ల్యాబులో ఇద్దరికొక మెషీను. కీబోర్డు మీద అబ్బాయి చేతులు, నోట్‌బుక్ మీద నా చేతులు. వాడు కొట్టేవాడు, నేను రాసుకునేదాన్ని. పరీక్ష పెడితే నాకే ఎక్కువ మార్కులొచ్చేవి, వేళ్ళు అలవాటు పడింది మాత్రం వాడికి. రాత్రి ఎనిమిదికి మా హాస్టల్ గేటు మూసేసేవాళ్ళు. ల్యాబు పదిన్నర దాకా ఉండేది. ఆ రెండున్నర గంటలు లెక్కేసుకోండి. నాలుగు నెలలంటే దాదాపు మూడొందల గంటలు. లినక్స్ ఎక్కించడం, చెడగొట్టడం, మళ్ళీ ఎక్కించడం అంతా ఆ మూడొందల గంటల్లో జరిగింది. మర్నాడు వాళ్ళు టీ కొట్టు దగ్గర చెప్పుకుని నవ్వుకుంటుంటే మేం పక్కన నిలబడి వినేవాళ్ళం. 2015లో ఢిల్లీలో అమ్మాయిలు హాస్టల్ వేళల మీద 'పింజ్‌రా తోడ్' అని గొంతెత్తినప్పుడు, ఇదేదో సరదాగా తిరగడం కోసం చేసే గొడవ అని మా ఆఫీసులోనే కొందరు వెటకారం చేశారు. గేటు మూస్తే అమ్మాయి పోగొట్టుకునేది సినిమా ఒక్కటే అనుకునేవాళ్ళకి ఈ మూడొందల గంటల లెక్క చెప్పాలి.

2004లో ఉద్యోగం వచ్చింది. మెషీన్‌లో ఎక్లిప్స్ ఉంది. దాని మీద నాకున్న ప్రేమ దాచుకోను. తెలుగు మీడియం పిల్లకి ఐడీఈ అంటే ఏమిటో ఇంగ్లీషులో కలలుగన్నవాళ్ళకి అర్థం కాదు. నల్లతెర మీద తప్పు కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అని ఊరుకుంటుంది. సరైన మాటేమిటో చెప్పదు. పక్కవాణ్ణి అడగాలి. అడిగిన ప్రతిసారీ "ఇది కూడా తెలీదా" అన్న చూపు కొనుక్కోవాలి. నా పక్కన కూర్చున్న అబ్బాయీ అడిగేవాడు, కానీ వాడడిగితే ఆసక్తి, నేనడిగితే అజ్ఞానం. ఐడీఈ అలా కాదు. చుక్క పెట్టగానే ఏమేం సాధ్యమో వరసగా చూపిస్తుంది. తప్పుంటే ఎర్రగీత పెడుతుంది, అది నాకూ దానికీ మాత్రమే తెలుస్తుంది. నలుగురి ముందు నవ్వని గురువు నాకు జీవితంలో మొదటిసారి దొరికింది. ఆ గురువు దగ్గర రెండేళ్ళు చదువుకున్నాను.

పనితనం మాటకొస్తే కూడా ఐడీఈ తక్కువదేం కాదు. లక్షల లైన్ల ప్రోగ్రాంలో ఒక పేరు మార్చాలనుకోండి. నల్లతెర మీద సెడ్ వంటి కమాండ్‌కి అక్షరాలే తెలుసు, అర్థం తెలీదు. అదే పేరు ఇంకోచోట ఇంకో అర్థంలో ఉన్నా మార్చిపారేస్తుంది. ఐడీఈకి ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఎవరెవరు వాడుతున్నారో తెలుసు. అలాగని వంద సర్వర్ల మీద పరచుకున్న లాగ్ ఫైళ్ళలో ఒక్క తప్పుని వెతకాలంటే ఐడీఈ అక్కడికి రానే రాదు. అక్కడ గ్రెప్ కావాలి, ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకో కమాండ్‌కి అందించే పైపు కావాలి. ఏ పనికి ఏ పనిముట్టు అన్నదే ప్రశ్న. కూరగాయల కత్తిపీట వాడేవాళ్ళు గొప్పా, కొబ్బరి కోరు వాడేవాళ్ళు గొప్పా అని ఏ వంటింట్లోనూ ఎవరూ పోట్లాడుకోరు.

కానీ పోట్లాట అసలు పనిముట్ల గురించి కాదని నాకు 2006లో తెలిసొచ్చింది. మా క్లయింటు అమెరికాలో. అక్కడ పగలు జనం వాడుతున్నప్పుడే సర్వర్ కూలుతుంది. అది మనకి రాత్రి. సర్వర్‌లో కిటికీలు, బటన్లు ఏవీ ఉండవు, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్తే నల్లతెర ఒక్కటే. మొదటిసారి నేను రాసిన ప్రోగ్రామే రాత్రి తొమ్మిదింటికి కూలింది. నేను కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే మా లీడ్ ఎంతో దయగా "నువ్వు క్యాబ్‌లో వెళ్ళిపోమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు. వెళ్ళిపోయాను. తప్పు నాది, దాన్ని వెతికే విద్య వాళ్ళది అయింది. అలా ఏడాది పాటు ప్రతిసారీ దయచూపారు. ఏడాది చివర అప్రైజల్‌లో నాకు వచ్చిన మాట "ఓనర్‌షిప్ చాలదు".

1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం రాత్రిపూట ఆడవాళ్ళ చేత పనిచేయించకూడదంది. ఐటీ కంపెనీలకి 2000ల్లో మినహాయింపు వచ్చింది, రక్షణ కల్పించాలి, ఇంటికి చేర్చాలి అన్న షరతులతో. అంటే చట్టం గేటు తెరిచింది. మనుషులు మూశారు. 2013 అక్టోబరులో హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద అత్యాచారం జరిగింది. మరుసటేడు షీ టీమ్స్ వచ్చాయి, మంచిదే. కానీ ఆ ఘోరం తర్వాత నేను పనిచేస్తున్న చోట మొదట వచ్చిన మెయిలేమిటో తెలుసా? ఆడవాళ్ళు ఎనిమిది లోపల ఆఫీసు వదిలి వెళ్ళాలని. నేరం చేసేది మగవాడు, రాత్రి పోగొట్టుకునేది ఆడది. ఆ రాత్రితో పాటు సర్వర్ తాళం కూడా పోతుంది.

నాకు ఆ తాళం చేతికిచ్చింది ఒక అక్క. సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసేది. మా ఫ్లోర్ మొత్తం మీద ఆ విభాగంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. రోజూ మధ్యాహ్నం డబ్బా తినడం అయ్యాక ఇరవై నిమిషాలు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టేది. తను కీబోర్డు ముట్టుకునేది కాదు. "నీ వేళ్ళతో కొట్టు. చెడితే నేనున్నాను" అనేది. టెయిల్‌తో లాగ్ పారుతుంటే చూడటం, గ్రెప్‌తో జల్లెడపట్టడం, ప్రాసెస్‌ని చంపి మళ్ళీ లేపడం అన్నీ పట్టపగలే నేర్చుకున్నాను. రాత్రి అక్కర్లేదు, మగాడి పక్కన నిలబడక్కర్లేదు. ఇరవై నిమిషాలూ, చెడగొట్టే స్వేచ్ఛా ఉంటే చాలు.

ఆ చెడగొట్టే స్వేచ్ఛే అన్నిటికన్నా ఖరీదైనది. ఒకసారి టెస్ట్ సర్వర్ మీద నేను పొరపాటున ఒక లాగ్ ఫోల్డర్ తుడిచేశాను. ఎవరికీ నష్టం రాలేదు. అయినా "అందుకే వీళ్ళకి యాక్సెస్ ఇవ్వొద్దన్నాను" అని ఒకాయన అందరూ వినేలా అన్నాడు. అంతకు ముందు నెలలోనే ఒక అబ్బాయి టెస్ట్ డేటాబేస్‌లో టేబుల్ మొత్తం ఎగరగొట్టాడు. అది పార్టీల్లో చెప్పుకునే జోకయింది. వాడు చేస్తే వాడి తప్పు, నేను చేస్తే ఆడజాతి తప్పు. తప్పు చెయ్యడానికి హక్కు లేని చోట ఎవరూ నల్లతెర జోలికి పోరు. పోకపోతే, చూశారా వీళ్ళకి ఆసక్తి లేదంటారు.

ఇంకో ముచ్చట. నల్లతెర వీరులు తమ ఎడిటర్‌ని ఎలా తీర్చిదిద్దుకున్నారో చూపించుకుంటారు. విమ్ సెట్టింగులు, రంగులు, షార్ట్‌కట్లు, ఎన్నో ఆదివారాల తపస్సు. ఇంటర్వ్యూల్లో గిట్‌హబ్ చూపించమంటారు, ఖాళీ సమయంలో ఏం రాశావంటారు. నేనొకటే అడుగుతాను. ఆ ఆదివారం మీ ఇంట్లో అన్నం ఎవరు వండారు? బిడ్డకి జ్వరమొస్తే ఎవరు లేచారు? ఆమె కూడా ఎక్కడో సాఫ్ట్‌వేర్ ఇంజనీరే అయితే ఆమె ఆదివారాల గిట్‌హబ్ ఎక్కడుంది?

"మేం ఆడామగా చూడం, ప్రతిభ ఒక్కటే చూస్తాం" అంటారు. ప్రతిభ అని మీరు కొలుస్తున్నదాంట్లో సగం రాత్రులు, ఆదివారాలు, సొంత కంప్యూటరు, ఇంగ్లీషు కలిసి ఉన్నాయి. వీటిని పంచడంలో కులమూ ఉంది, ఊరూ ఉంది, ఆడపుట్టుకా ఉంది. ఆ వాటాలు తెలియకుండా కొలిస్తే అది కొలత కాదు, వారసత్వం.

పైగా ఈ రెండు తెరలూ ఎవరి అబ్బ సొత్తూ కాదు. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్‌ని ప్రోగ్రాం చేసింది ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళకి తెర లేదు, కీబోర్డు లేదు, కేబుళ్ళు, స్విచ్చులు మార్చి మార్చి పనిచేశారు. 1952లో గ్రేస్ హాపర్ ఏ-జీరో అనే తొలినాటి కంపైలర్ తయారుచేసింది. యంత్రం రాసే కోడ్ మనిషి చేత్తో రాసినదానికి సాటి రాదని ఆనాడు సందేహించినవాళ్ళు చాలామంది. ఇవాళ కంపైలర్ వాడకుండా ప్రోగ్రాం రాస్తానని నల్లతెర వీరుల్లో ఎంతమంది ముందుకొస్తారు? నిన్నటి బద్ధకం ఇవాళ్టి మూలం అయింది. ఐడీఈలకి పూర్వరూపమనదగిన స్మాల్‌టాక్‌ని 1970ల్లో జిరాక్స్ పార్క్‌లో తీర్చిదిద్దినవాళ్ళలో అడెల్ గోల్డ్‌బర్గ్ ముఖ్యురాలు. అదే దశాబ్దంలో యునిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో లోరిండా చెర్రీ రాసిన బీసీ అనే లెక్కల కమాండ్ ఆ పేరుతోనే, ఆ పద్ధతిలోనే ఇవాళ్టికీ నల్లతెర మీద నడుస్తోంది. మా కుర్రాడు కూడా దాన్ని కొట్టే ఉంటాడు, ఎవరు రాశారో తెలియకుండా.

ఇంతవరకూ చదివి, ఐడీఈయే మన ఆడవాళ్ళకి చాలు అని నేను తేలుస్తానని కొందరు స్నేహితురాళ్ళు అనుకోవచ్చు. నల్లతెర మగవాళ్ళ అహంకారం, మనకెందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఏడాదే మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రం పెట్టింది. విజువల్ జె షార్ప్ అనే భాషని, విజువల్ స్టూడియోలో దాని సరంజామాని ఈ ఊళ్ళోనే తయారుచేశారు. 2005 విజువల్ స్టూడియో తర్వాత కంపెనీ దాన్ని వదిలేసింది. దాన్నే నమ్ముకుని నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ మొదటికొచ్చారు. 1970ల నాటి గ్రెప్ మాత్రం నిక్షేపంలా ఉంది. బటన్ వెనకాల ఏముందో తెలియకపోతే, బటన్ తీసేసిన రోజున మనం వట్టి చేతులతో నిలబడతాం. మా అమ్మ మిక్సీ వచ్చాక రోలుని పెరట్లో పారెయ్యలేదు. కరెంటు పోయిన పొద్దుల్లో దాని దగ్గరికే వెళ్ళేది. ఆమెకి రెండూ తెలుసు. ఏది ఎప్పుడు వాడాలో తేల్చేది ఆమే, పీటల మీద కూర్చున్నవాళ్ళు కాదు. నేనడుగుతున్నది ఆ అధికారమే.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, ఇక ఈ గొడవ పాతబడిందంటున్నారు. పాతబడలేదు. 2025 నుంచి టెర్మినల్‌లోనే కూర్చుని ప్రోగ్రాంలు రాసిపెట్టే ఏజెంట్ల జోరు పెరిగింది. నల్లతెర మళ్ళీ ఫ్యాషనయింది. యంత్రం రాసిందాంట్లో తప్పు పట్టేదెవరు, దాన్ని సర్వర్ మీదికి పంపే తాళం ఎవరి చేతిలో ఉంది అన్నవే రేపటి ప్రశ్నలు. ఆ అమ్మాయి పది నిమిషాల్లో చేసి చూపించింది సరిగ్గా తప్పు పట్టడమే. మేం ఆమెని పంపించేశాం.

కాబట్టి ఇంటర్వ్యూలో పనిముట్టు ఎంచుకునే స్వేచ్ఛ వచ్చినవాళ్ళకే వదలండి, ఫలితం చూడండి. రాత్రి కూలిన సర్వర్ ఎవరు రాసిన ప్రోగ్రాం వల్ల కూలిందో వాళ్ళనే కుర్చీలో కూర్చోనివ్వండి, ఇంటికి చేర్చే బాధ్యత మీది. అంతకన్నా ముందు ఆ విద్యని పగటిపూట, ఆఫీసు వేళల్లో, ఆఫీసు ఖర్చుతో నేర్పండి. హాస్టల్ గేట్లకీ ల్యాబు గేట్లకీ ఒకే వేళ పెట్టండి. అమ్మాయిలూ, "నువ్వెళ్ళమ్మా, మేం చూసుకుంటాం" అని ఎవరన్నా అంటే, ఆ దయకి దణ్ణం పెట్టి కుర్చీలో కూర్చోండి.

ఆ అమ్మాయిని మళ్ళీ పిలవమని హెచ్‌ఆర్‌కి రాశాను. నా తప్పు ఒప్పుకుంటూనే రాశాను. మూడు వారాలైనా జవాబు లేదు. ఫారంలో "పనిముట్ల మీద ఆధారపడటం" అన్న గడి అలాగే ఉంది. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి ఆ గడి దగ్గర, తర్వాతి మీటింగుకి టైమైనా సరే, నేను లేవను.